తోడు లేకుండా వచ్చే రోగి కోసం: క్లినిక్‌నూ వెబ్‌సైట్‌నూ సిద్ధం చేయడం ఎలా

అనంతపురం సాయినగర్‌లోనో, కర్నూలు పెద్దాసుపత్రి చుట్టుపక్కలో, కడప ఏడురోడ్ల కూడలి దగ్గరో చిన్న క్లినిక్ నడుపుతున్న డాక్టర్ల కోసం ఇది రాస్తున్నాను. వాళ్ళ దగ్గర పనిచేసే మేనేజర్లకూ, వాళ్ళకు వెబ్‌సైట్ చేసిపెట్టే కుర్రాళ్ళకూ కూడా ఇందులో పనికొచ్చేది ఉంది.

"మా దగ్గరికి వికలాంగులు వస్తూనే ఉంటారు కదా, ఎవరినీ వెనక్కి పంపలేదే" అని చాలామంది డాక్టర్లు అంటారు. నిజమే, వస్తున్నారు. ఎలా వస్తున్నారో చూడండి. అన్నో, మేనమామో ఎత్తుకొచ్చి కుర్చీలో కూర్చోబెడతాడు. ఎత్తుకొచ్చినవాడు డాక్టర్ గదిలోకి కూడా వస్తాడు. డాక్టర్ గారు ఆయన వైపే చూసి "ఏమప్పా, ఈ పాపకేమైంది?" అంటారు. ఆ పాపకు పాతికేళ్ళు. నెలసరి బాధ గురించి అన్న ముందర ఆమె ఏం చెబుతుంది? కడుపునొప్పి అని చెప్పి నాలుగు మాత్రలు తీసుకుని వెళ్ళిపోతుంది. అసలు జబ్బు అలాగే ఉంటుంది.

కాబట్టి కొలత ఒకటే పెట్టుకోండి. రోగి తనంతట తాను రాగలిగారా, తన బాధ తానే చెప్పుకోగలిగారా, మందు ఎలా వేసుకోవాలో తానే తెలుసుకుని వెళ్ళగలిగారా? కింద చెప్పే ప్రతి పనినీ ఈ మూడు ప్రశ్నలతో సరిచూసుకోండి. తోడు తెచ్చుకోవడం రోగి ఇష్టంగా ఉండాలి. మన మెట్లూ మన వెబ్‌సైటూ ఆ ఇష్టాన్ని తీసేయకూడదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. 25వ సెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రులతో పాటు ప్రైవేటు ఆసుపత్రుల పేరు కూడా చెప్పి, అన్ని భాగాలకూ అడ్డంకి లేకుండా వెళ్ళే వీలుండాలనీ, చూడటంలోనూ వైద్యంలోనూ వికలాంగులకు ప్రాధాన్యం దక్కాలనీ అంటుంది. 89వ సెక్షన్ ప్రకారం చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే 10,000 రూపాయల దాకా, మళ్ళీ మళ్ళీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. భవనాలూ సేవలూ వికలాంగులకు అందేలా పెట్టిన ప్రమాణాలు ఇష్టముంటే పాటించే సలహాల్లా ఉంటే చాలదని, తప్పనిసరి నిబంధనలు ఉండాలని 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు తేల్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న చెప్పింది. అంటే మీ వెబ్‌సైట్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

1. ముందు దారి నడిచి చూడండి

మేస్త్రీని పిలవకముందే చేయాల్సిన పని ఇది. ఒక వీల్‌చైర్, ఒక కొలత టేపు, ఒక నోటుపుస్తకం తీసుకోండి. కళ్యాణదుర్గం నుంచో ఉరవకొండ నుంచో బస్సు దిగి ఆటోలో వచ్చే మనిషి ఎక్కడ దిగుతారో అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఆ వీల్‌చైర్‌లో మీరే కూర్చోండి, కాళ్ళు కింద పెట్టకండి. మురుగుకాల్వ మీద వేసిన బండ ఊగుతోందా? మెట్ల ముందు బైకులు అడ్డంగా ఉన్నాయా? రిసెప్షన్ బల్ల అవతల కూర్చున్న అమ్మాయి మీకు కనిపిస్తోందా? ఓపీ చీటీ అందుకోవడానికి చెయ్యి చాలుతోందా? డాక్టర్ గది తలుపులో బండి పడుతోందా? బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకోగలరా? ఎక్కడ ఆగిపోతే అక్కడ టేపు పెట్టి కొలిచి రాసుకోండి.

తర్వాత అదే దారిని రెండో విధంగా నడవండి. చెవుల్లో దూది పెట్టుకుని హాల్లో కూర్చుని, మీ వంతు ఎప్పుడొచ్చిందో తెలుస్తుందేమో చూడండి. చూపు లేనివాళ్ళ సంగతి కళ్ళకు గంతలు కట్టుకుంటే తెలియదు. అలా కట్టుకుంటే భయమే తెలుస్తుంది, వాళ్ళకున్న నేర్పు తెలియదు. దానికి మీ రోగుల్లో చూపు లేనివారినే అడగాలి. ఆ సంగతి చివర్లో చెబుతాను.

2. డబ్బు ఖర్చు లేకుండా ఈ వారమే చేయదగ్గవి

గుమ్మం దగ్గర "చెప్పులు బయట విడవండి" అనే బోర్డు మన దగ్గర దాదాపు ప్రతి క్లినిక్‌కూ ఉంటుంది. పోలియో వచ్చి కాలికి ఊతగా కాలిపర్ అనే ఇనుప చట్రం వేసుకున్న మనిషికి బూటూ కాలిపరూ ఒక్కటే. అది విప్పితే నడక లేదు. కృత్రిమ కాలు పెట్టుకున్నవారి సంగతీ అంతే. చూపు లేనివారు చెప్పులు విడిస్తే తిరిగి వచ్చేటప్పటికి ఆ గుట్టలో తమవి వెతుక్కోవాలి. కుష్ఠు వచ్చి తగ్గినవారికి, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోయినవారికి వట్టి కాళ్ళతో నడవడమే ప్రమాదం. బోర్డు తీసేయడం కుదరకపోతే దాని కిందే ఇంకో వాక్యం రాయించండి: "కాలిపర్లు, కృత్రిమ కాళ్ళు, వీల్‌చైర్, కర్రలు వాడేవారు, పాదాల్లో స్పర్శ లేనివారు, చూపు లేనివారు చెప్పులతోనే రావచ్చు." రాసి ఊరుకోకుండా, గుమ్మం దగ్గర ఉండే మనిషికి కూడా చెప్పండి. లేకపోతే ఆయన కేకలేస్తూనే ఉంటారు.

రెండోది వంతు పిలవడం. సిస్టర్ తలుపు తీసి పేరు కేకేస్తే చెవుడున్నవారికి వినపడదు. గోడ మీద ఎర్రంకెల బోర్డు పెడితే చూపు లేనివారికి కనపడదు. రెండూ ఉండాలి. చెవుడున్న రోగి చీటీ మీద రిసెప్షన్‌లో చిన్న గుర్తు పెట్టండి. వంతు వచ్చినప్పుడు ఎవరైనా వాళ్ళ ఎదురుగా వెళ్ళి చేత్తో పిలవాలి. వెనక నుంచి భుజం పట్టుకుని లాగకూడదు. "ఆ కుంటాయన్ను లోపలికి పంపు" అనే మాట క్లినిక్‌లో ఇక వినపడకూడదు. చీటీలో పేరుంది, ఆ పేరుతో పిలిస్తే సరి.

హాల్లో కుర్చీల వరసలో ఒక కుర్చీ తీసేయండి, అక్కడ వీల్‌చైర్ పడుతుంది. ఆ చోటు ఫ్యాను కింద ఉండేలా చూడండి. వెన్నుపూస పైభాగంలో దెబ్బ తగిలినవారికి ఆ కింది శరీరానికి చెమట పట్టదు, ఒళ్ళు వేడెక్కితే చల్లబడే దారి ఉండదు. మన ఎండల్లో వాళ్ళను వరండాలో గంటసేపు కూర్చోబెట్టడం అన్యాయం. వైద్యంలో ప్రాధాన్యం అని చట్టం అన్నది ఇలాంటి చోటే పనికొస్తుంది, వాళ్ళను ముందు చూసి పంపండి. కార్డు చూపిస్తేనే అనకండి. యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ పెన్షన్లు, పథకాల కోసం. మీ ర్యాంపు ఎక్కడానికి ఆ కాగితాలు అక్కర్లేదు.

అపాయింట్‌మెంట్‌కు ఫోన్ నంబరు ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే చెవుడున్నవారికి దారి మూసుకున్నట్టే. అదే నంబరుకు వాట్సాప్ పెట్టి, రాసి పంపినా టోకెన్ ఇస్తామని బోర్డు మీదా వెబ్‌సైట్‌లోనూ వేయండి. రిసెప్షన్‌లో దాన్ని ఎవరు చూస్తారో పేరు పెట్టి అప్పగించండి. జవాబు రాని వాట్సాప్ నంబరు ఉన్నా లేనట్టే.

3. ర్యాంపు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎక్కువ డబ్బు దండగయ్యేది ఇక్కడే.

మన వీధుల్లో మెట్ల పక్కన కనిపించే సిమెంటు వాలులు చాలావరకు స్కూటర్లు ఎక్కించడానికి కట్టినవి. మూడు మెట్ల ఎత్తుకు నాలుగడుగుల వాలు ఉంటుంది. దాని మీద వీల్‌చైర్ ఎక్కిస్తే వెనక్కి తిరగబడుతుంది, దిగేటప్పుడు ముందుకు పడేస్తుంది. ప్రమాణం 1:12. ఎత్తు ఎన్ని అంగుళాలో ర్యాంపు అన్ని అడుగులు అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. ఒక మెట్టు ఆరంగుళాలైతే మూడు మెట్లు 18 అంగుళాలు, అంటే ర్యాంపు 18 అడుగులు. ఇది వినగానే "అంత చోటెక్కడిదండీ" అంటారు. నేరుగా రోడ్డు వైపే దింపనక్కర్లేదు. గోడ వెంబడి పక్కకు తీసుకుపోయి మలుపు తిప్పవచ్చు. మలుపు దగ్గర, కిందా పైనా 1500 మిల్లీమీటర్లు, అంటే ఐదడుగుల చదునైన చోటు ఉండాలి. బండి తిరగడానికి, చేతులకు ఊపిరి తీసుకోవడానికి అది కావాలి. వెడల్పు 1200 మిల్లీమీటర్లు, అంటే నాలుగడుగులు. అంచుల్లో చక్రం జారిపోకుండా నాలుగంగుళాల చిన్న గట్టు కట్టించండి.

ఇక బండలు. కడప బండ, బేతంచెర్ల నాపరాయి, తాడిపత్రి రాయి మనకు చవగ్గా దొరుకుతాయి. మేస్త్రీ అలవాటుగా వాటిని నున్నగా పాలిష్ పట్టించి పరుస్తాడు. మెరుస్తుంటే చూడ్డానికి బాగుంటుంది. నాలుగు చినుకులు పడినా, పనిమనిషి తడిగుడ్డతో తుడిచినా చంకకర్ర చివర అక్కడ నిలబడదు. అదే బండను పాలిష్ లేకుండా గరుకుగా ఉన్న ముఖం పైకి వేయమనండి. లేదా సిమెంటే వేసి, పచ్చిగా ఉన్నప్పుడు చీపురుతో అడ్డగీతలు గీయించండి. లోతైన గాట్లు మాత్రం వద్దు, చిన్న చక్రాలు వాటిలో ఇరుక్కుంటాయి. లోపల ఇప్పటికే నున్నటి బండలు ఉంటే పగలగొట్టక్కర్లేదు. ఓపీ సమయంలో తడి తుడుపు ఆపేసి, ఓపీ అయ్యాక తుడిపించండి.

పట్టుకోవడానికి రెండువైపులా కమ్మీలు ఉండాలి. పెద్దవాళ్ళకు 900 మిల్లీమీటర్ల ఎత్తులో ఒకటి, పొట్టివాళ్ళకూ పిల్లలకూ దాని కింద ఇంకొకటి. ఈ కమ్మీలు ర్యాంపు మొదలూ చివరా దాటి ఒక అడుగు మేర ముందుకు సాగాలి. ఇంకో సంగతి వెల్డింగ్ షాపులో ఎవరూ చెప్పరు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండలో నిలబడ్డ స్టీలు కమ్మీని పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. మనమైతే వెంటనే వదిలేస్తాం. చేతుల్లో స్పర్శ పోయినవారికి కాలినట్టు తెలియదు, సాయంత్రం బొబ్బ చూసుకుని తెలుసుకుంటారు. ర్యాంపు మీద రేకుల నీడ వేయించండి. అది కుదరకపోతే కమ్మీకి ప్లాస్టిక్ తొడుగు వేయించండి.

అద్దె భవనం, యజమాని ఒప్పుకోడు, ఉన్నది రెండే మెట్లు అనుకుంటే తీసిపెట్టే ఇనుప ర్యాంపు చేయించుకోవచ్చు. జారకుండా గళ్ళున్న ఇనుప రేకుతో వెల్డింగ్ షాపులో చేస్తారు. దానికీ వాలు లెక్క మారదు. రెండు మెట్లకు పన్నెండు అడుగులు కావాలి కాబట్టి రెండు ముక్కలుగా చేయించి, కింద కాళ్ళు పెట్టించాలి. పక్కన గంట బటన్, మీ ఫోన్ నంబరు పెట్టండి. ఓపీ నడిచేటప్పుడు దాన్ని పరిచే ఉంచండి. ప్రతిసారీ అడిగి వేయించుకోవాల్సి వస్తే, అడగలేని మనిషి వెనక్కి వెళ్ళిపోతారు.

మీ గది మొదటి అంతస్తులో ఉండి లిఫ్ట్ లేకపోతే కింద ఏదైనా గది మాట్లాడుకోండి. వారంలో ఏ వేళల్లో అక్కడ చూస్తారో ముందే చెప్పండి. మనుషులను కుర్చీలో పెట్టి మెట్ల మీద మోయించడం పద్ధతి అనుకోవద్దు. పడితే ప్రాణం మీదికి వస్తుంది, పడకపోయినా ఆ మనిషి సిగ్గుతో చచ్చిపోతారు. లిఫ్ట్ ఉంటే కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద నడుస్తుందో లేదో ఈరోజే చూడండి.

ర్యాంపు కట్టిన మర్నాటి నుంచే దాని మీద బైకులు పెడతారు. బోర్డు రాయిస్తే ఆగరు. వాచ్‌మన్ చేయాల్సిన పనుల్లో మొదటిది ఇదేనని ఆయనకు చెప్పండి. పక్కన చక్రాలు బిగించిన స్కూటర్ వేసుకుని వచ్చేవారికి గుమ్మం దగ్గరే ఒక చోటు గీత గీసి ఉంచండి.

4. గుమ్మం లోపల

తలుపు రెక్క పూర్తిగా తెరిచాక మిగిలే సందు 900 మిల్లీమీటర్లు, అంటే మూడడుగులు ఉండాలి. చాలా పాత తలుపులు రెండున్నర అడుగులే ఉంటాయి. గడప ఇంకో చిక్కు. పసుపు రాసి బొట్లు పెట్టే గడపను తీసేయమంటే భవనం యజమానురాలు ఒప్పుకోదు, నేనూ తీయమనను. దానికి రెండువైపులా చెక్కతో చిన్న వాలు ముక్కలు చేయించి బిగించండి. గడప గడపగానే ఉంటుంది, చక్రం ఎక్కి దిగుతుంది.

రిసెప్షన్ బల్లలో మూడడుగుల మేర ఎత్తు తగ్గించి, నేల నుంచి 750 నుంచి 800 మిల్లీమీటర్ల మధ్య పెట్టించండి. కార్పెంటర్‌కు అది ఒక పూట పని.

బాత్రూం మాత్రం తేలికగా తీసుకోవద్దు. బాత్రూం పనికిరాదని తెలిసిన మనిషి పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా బస్సెక్కుతారు. మన ఎండలో, అదీ ఆసుపత్రికి వచ్చే మనిషి. మీ దగ్గర "వికలాంగుల టాయిలెట్" అని రాసిన గది ఇప్పటికే ఉండొచ్చు. తెరిస్తే సెలైన్ అట్టపెట్టెలూ చీపుళ్ళూ ఉంటాయి. ముందు అవి ఖాళీ చేయించండి. కొత్తగా కట్టేవారికి కొలత 2200 బై 2000 మిల్లీమీటర్లు. కమోడ్ ఎత్తు 450 నుంచి 480 మిల్లీమీటర్లు. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనకాల మనిషి పడిపోతే తీయడం ఎవరివల్లా కాదు. గడియ అవసరమైతే బయటి నుంచి తీయగలిగేదై ఉండాలి. కమోడ్ పక్కన పట్టుకునే కమ్మీలు టైల్స్‌కు కాక ఇటుక గోడ లోపలికి బోల్టులు దింపి బిగించాలి. బిగించాక మీ క్లినిక్‌లో అందరికంటే బరువైన మనిషిని దాని మీద వేలాడి చూడమనండి. నేల దగ్గరిదాకా వేలాడే తాడు కట్టి రిసెప్షన్‌లో గంట మోగేలా చేయండి. ఆ తాడు అడ్డమొస్తోందని ఎవరో పైకి చుట్టేస్తారు. పడిపోయిన మనిషికి అందాల్సింది అది, వారం వారం చూస్తూ ఉండండి.

పరీక్ష చేసే మంచం నడుమెత్తు ఉండి, ఎక్కడానికి రెండు మెట్ల స్టూలు ఉంటుంది. వీల్‌చైర్ సీటు ఎత్తు దాదాపు అడుగున్నర. ఆ రెండూ కలవవు కాబట్టి చాలామంది రోగులను కూర్చున్నచోటే స్టెతస్కోపు పెట్టి పంపేస్తున్నారు. పొట్ట నొక్కి చూడరు, వీపు మీద పుండు ఉందేమో చూడరు. ఒకేచోట కూర్చునేవారికి పిరుదుల దగ్గర ఒత్తిడి పుండ్లు ప్రాణం తీస్తాయని మీకు నేను చెప్పాలా? ఎత్తు తగ్గించే మంచం కొనడం మంచి మార్గం. కొనలేకపోతే ఒక మంచం కాళ్ళు కోయించి అడుగున్నరకు దించండి. దింపడానికి, ఎక్కించడానికి సాయం చేసేటప్పుడు "ఎలా పట్టుకోమంటారు?" అని ముందు ఆ మనిషినే అడగండి. ఏళ్ళ తరబడి అదే చేస్తున్న మనిషికి తెలిసినంత మనకు తెలియదు.

బరువు చూడటం కూడా ఇలాగే ఎగిరిపోతుంది. నిలబడలేని మనిషి బరువును చీటీలో అంచనాగా వేస్తారు. మందు మోతాదు బరువును బట్టి ఉన్నప్పుడు అంచనా చాలదు. వీల్‌చైర్ ఎక్కేంత వెడల్పున్న, నేలకు తక్కువ ఎత్తులో ఉండే ఎలక్ట్రానిక్ తూకం ఒకటి తీసుకోండి. మనిషితో సహా తూచి, మనిషి మంచం మీద ఉన్నప్పుడు ఖాళీ కుర్చీని తూచి తీసేస్తే సరి.

5. మాట

ఎవరు రోగో వాళ్ళతోనే మాట్లాడండి. తోడు వచ్చిన అన్న జవాబు చెప్పబోతే "అమ్మాయిని చెప్పనీ నాయనా" అనండి. అందరినీ కనీసం రెండు నిమిషాలు ఒంటరిగా చూసే పద్ధతి పెట్టుకోండి. అందరికీ ఒకే పద్ధతి అని తెలిస్తే ఎవరూ నొచ్చుకోరు. ఆడ రోగి అయితే సిస్టర్ పక్కన ఉంటారు.

చెవుడున్నవారితో మాట్లాడేటప్పుడు వెలుతురు మీ ముఖం మీద పడేలా కూర్చోండి, మాస్కు తీయగలిగితే తీయండి, అరవకండి. కాగితం మీద రాస్తే చాలనుకోవద్దు. పుట్టు చెవుడున్న చాలామందికి సైగల భాషే మొదటి భాష, తెలుగు చదవడం రెండోది. చిన్న వాక్యాలు, బొమ్మలు, క్యాలెండర్, గడియారం పనికొస్తాయి. మాటను అక్షరాలుగా చూపించే ఫోన్ యాప్‌లు తెలుగులోనూ పనిచేస్తాయి, కానీ మందుల పేర్లు తప్పు పడతాయి, అవి మాత్రం రాసి చూపించండి. ఆపరేషన్, గర్భం, క్యాన్సర్ లాంటి పెద్ద మాట చెప్పాల్సి వస్తే సైగల భాష తెలిసిన దుబాసీని వీడియో కాల్‌లోనైనా పెట్టుకోండి. తల్లి క్యాన్సర్ సంగతి పదేళ్ళ కూతురి చేత సైగలతో చెప్పించవద్దు. మన దగ్గర బధిరుల బడుల్లో పనిచేసే టీచర్లను ముందే పరిచయం చేసుకుని, ఒక గంటకు ఎంత ఇవ్వాలో మాట్లాడి పెట్టుకోండి. అనంతపురం జిల్లాలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఇలాంటి బడులు నడుపుతూ వచ్చింది. ఢిల్లీలోని భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం తయారుచేసిన 10,000కు పైగా పదాల వీడియో నిఘంటువులో వైద్య పదాలు కూడా ఉన్నాయి. నొప్పి, జ్వరం, వాంతి, సూది, రక్తం, రేపు రండి: ఇంతవరకైనా సిస్టర్లు నేర్చుకుంటే గదిలో గాలి మారిపోతుంది.

చూపు లేనివారు గదిలోకి రాగానే మీ పేరు చెప్పండి. గదిలో ఇంకెవరున్నారో చెప్పండి. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళకుండా మీ మోచెయ్యి ఇవ్వండి. "ఇప్పుడు ఎడమ చేతికి సూది వేస్తున్నా" అని చెప్పాకే తాకండి.

ఆటిజం ఉన్న పిల్లలకూ, బుద్ధిమాంద్యం ఉన్నవారికీ హాల్లో గోల, టీవీ, ట్యూబులైటు మిణుకు భరించడం కష్టం. వాళ్ళకు మొదటి టోకెనో చివరి టోకెనో ఇవ్వండి. లేదా బయట ఆటోలో ఉండనిచ్చి వంతు రాగానే ఫోన్ చేయండి.

6. చీటీ, మందులు

మందుల చీటీ చేత్తో రాయకుండా ప్రింట్ తీసి ఇవ్వండి. ప్రింట్ అయితే ఫోన్ కెమెరా చదివి వినిపిస్తుంది, చేతిరాతను చాలాసార్లు చదవలేదు. ఇంకా తేలికైన పని ఒకటుంది. "ఈ తెల్ల మాత్ర పొద్దున తిన్నాక ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులు" అని మీరు చెప్పేది రోగి ఫోన్‌లోనే రికార్డు చేసుకోనివ్వండి. మందుల షాపులో పొద్దుటి పట్టీకి ఒక రబ్బరు బ్యాండు, రాత్రి పట్టీకి రెండు వేసి ఇమ్మని చెప్పండి. పట్టీని ముక్కలుగా కత్తిరిస్తే మందు పేరు, గడువు తేదీ తెగిపోతాయి. ఈ రోగులకు పూర్తి పట్టీ ఇమ్మని షాపువారికి చెప్పి పెట్టండి.

7. వెబ్‌సైట్

అనంతపురంలో వెబ్‌సైట్ ఎవరు చూస్తారనుకోకండి. ఇల్లు కదలడం కష్టమైన మనిషే అందరికంటే ముందు ఫోన్‌లో చూసుకుని బయల్దేరతారు.

మొదట చూడాల్సింది అక్షరాలు నిజంగా అక్షరాలేనా అన్నది. మన దగ్గర వెబ్‌సైట్ మ్యాటర్ చాలాసార్లు డీటీపీ సెంటర్ నుంచి వస్తుంది. అక్కడ అను ఫాంట్లలో టైపు చేసినదాన్ని బొమ్మగా మార్చి పెడతారు. చూసేవారికి అది చక్కటి తెలుగు. చూపు లేనివారి ఫోన్‌కు అది "బొమ్మ", అంతే. కొన్నిచోట్ల అను అక్షరాలనే నేరుగా పెడతారు. ఆ ఫాంటులో తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి పొంతన లేని ఇంగ్లీషు అక్షరాలు, ఫోన్ వాటినే చదువుతుంది. పరీక్ష చాలా తేలిక: పేజీలోని ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగుగా వస్తే అది యూనికోడ్, అంటే ఏ ఫోన్ అయినా తెలుగుగా గుర్తించే అక్షరాలు. పిచ్చి అక్షరాలొస్తేనో, అసలు కాపీయే కాకపోతేనో మ్యాటర్ అంతా యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయించండి. ఓపీ వేళలు, డాక్టర్ల పేర్లు, సెలవు కబుర్లు పోస్టరుగా వాట్సాప్‌లో పంపుతుంటే, కింద అదే సంగతి అక్షరాల్లో కూడా రాసి పంపండి.

రెండోది పేజీ భాష. కొన్న టెంప్లేటులో పేజీ కోడ్ మొదట్లో భాష ఇంగ్లీషు అని ఉండిపోతుంది. అలా ఉంటే స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడుతుంది, కొన్నిసార్లు వదిలేస్తుంది. తెలుగు అని మార్చడం డెవలపర్‌కు ఒక్క నిమిషం పని.

మూడోది మన లిపికి సంబంధించినది, ఇంగ్లీషు టెంప్లేట్లు చేసేవారు ఆలోచించనిది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. "సంప్రదించండి" అనే బటన్ ఎత్తును బిగించేస్తే "ప్ర" కింది ఒత్తు తెగిపోతుంది. "స్త్రీ" అయితే ఇంకా అన్యాయం. చూపు తక్కువున్న మనిషి అక్షరాలు రెండింతలు చేసుకుంటే వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. బటన్లకు, వరసలకు ఎత్తు బిగించవద్దని, వరసల మధ్య ఎడం అక్షరం సైజుకు 1.6 రెట్లకు తగ్గకుండా పెట్టమని చెప్పండి. తర్వాత పేజీని 200 శాతానికి పెంచి మీరే చూడండి.

రంగుల విషయంలో అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ అనే, వెబ్‌సైట్లు వికలాంగులకూ అందేలా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం. తెల్లటి పేజీ మీద లేత ఆకుపచ్చ అక్షరాలు ఆసుపత్రి వెబ్‌సైట్లన్నిటికీ ఇష్టమే గానీ చదవడానికి పనికిరావు. టోకెన్లు చూపించేటప్పుడు ఖాళీ అయితే పచ్చ, నిండితే ఎరుపు అని రంగుతోనే వదిలేయకుండా "ఖాళీ", "నిండింది" అని రాయించండి.

అపాయింట్‌మెంట్ ఫారం దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. ప్రతి గడికీ పైన పేరు శాశ్వతంగా ఉండాలి. గడి లోపల బూడిదరంగులో "పేరు" అని ఉండి, టైపు చేయగానే మాయమయ్యేది చాలదు. తప్పు వస్తే గడి ఎర్రబడటం కాదు, "ఫోన్ నంబరులో పది అంకెలు ఉండాలి" అని మాటల్లో చెప్పాలి. వంకర అక్షరాలు చూసి టైపు చేయమనే పరీక్ష తీసేయండి. ఓటీపీకి అర నిమిషం గడువు పెడితే నిదానంగా టైపు చేసే చేతికి అది చాలదు, గడువు పెంచండి. తేదీ ఎంచుకునే క్యాలెండర్ మౌస్‌తోనే నడుస్తుంటే పక్కనే తేదీని టైపు చేసే వీలు ఇవ్వండి. కంప్యూటర్‌లో మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్, ఎంటర్ మీటలతోనే మొదటి నుంచి చివరిదాకా ఒక టోకెన్ తీసుకోండి. ఏ గడిలో ఉన్నారో కళ్ళకు కనిపిస్తుండాలి.

బొమ్మలకు వివరణ రాయండి. "ఫోటో 1" అంటే ఏం తెలుస్తుంది? "క్లినిక్ ముందుభాగం, ఎడమవైపు ర్యాంపు, కుడివైపు మూడు మెట్లు" అంటే తెలుస్తుంది. డాక్టర్ గారు మాట్లాడిన వీడియోకు తెలుగు సబ్‌టైటిళ్ళు పెట్టి, తప్పులు చేత్తో దిద్దండి. రక్తపరీక్ష రిపోర్టు స్కాన్ చేసిన బొమ్మగా కాకుండా ల్యాబ్ కంప్యూటర్ నుంచి వచ్చిన పీడీఎఫ్‌గానే పంపండి.

"ఒక్క లైను కోడ్ పెట్టుకుంటే మీ వెబ్‌సైట్ అందరికీ పనికొస్తుంది" అని మూలన చిన్న బొమ్మ పెట్టి అమ్మేవాళ్ళు వస్తారు. కొనకండి. పైన చెప్పిన లోపాలు అది సరిచేయదు, కొన్నిసార్లు స్క్రీన్ రీడర్‌కు అడ్డం కూడా పడుతుంది. ఇలాంటిది అమ్మే ఒక కంపెనీ గొప్పలు నిరాధారమని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో 10 లక్షల డాలర్లు కట్టించింది.

చివరగా "మా క్లినిక్‌కు ఎలా రావాలి" అని ఒక పేజీ పెట్టండి. ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇలా ఉండొచ్చు:

"ఆటో గుమ్మం దాకా వస్తుంది. మూడు మెట్లు ఉన్నాయి, ఎడమపక్క 18 అడుగుల ర్యాంపు ఉంది, రెండువైపులా కమ్మీలున్నాయి. డాక్టర్ గది కిందే. గది తలుపు మూడడుగులు. ఎక్స్‌రే గది పై అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. మెట్లు ఎక్కలేనివారు ముందే చెబితే వేరేచోట కింది అంతస్తులో ఎక్స్‌రే ఏర్పాటు చేస్తాం. వీల్‌చైర్ పట్టే బాత్రూం ఉంది. కాలిపర్లతో లోపలికి రావచ్చు. సైగల భాష దుబాసీ కావాలంటే రెండు రోజుల ముందు వాట్సాప్ చేయండి."

లిఫ్ట్ లేదని రాయడానికి మొహమాటపడకండి. తాడిపత్రి నుంచి వచ్చాక తెలిసేదానికంటే ఇంట్లో తెలియడం మేలు. గూగుల్ మ్యాప్స్‌లో వీల్‌చైర్ ప్రవేశం ఉందని టిక్కు పెట్టేది ర్యాంపు 1:12 అయినప్పుడే.

8. వాళ్ళ చేతే పరీక్ష చేయించండి

డెవలపర్‌ను ముందు తన ఫోన్‌లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి ఆండ్రాయిడ్ ఫోన్లలోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ ఆన్ చేసి మీ సైట్ వినమనండి. కుడికి తోస్తే ముందుకు వెళ్తుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. కంప్యూటర్‌కు ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది. అడ్డదిడ్డమైన తప్పులన్నీ అక్కడే దొరికిపోతాయి.

ఆ తర్వాత చూపు లేని ఒకరిని, వీల్‌చైర్ వాడే ఒకరిని, చెవుడున్న ఒకరిని పిలవండి. మీ రోగుల్లోనే ఉంటారు. లేకపోతే మండలాల్లోని వికలాంగుల సంఘాలను అడగండి. దారి ఖర్చులు ఇవ్వండి, ఆ పూటకు ఫీజూ ఇవ్వండి. వాళ్ళు మీకు చేస్తున్నది వృత్తి పని, దాన్ని ఉచితంగా చేయించుకోవద్దు. ఇంటి నుంచి వెబ్‌సైట్‌లో టోకెన్ తీసుకోవడంతో మొదలుపెట్టి, మందుల చీటీతో ఇంటికి చేరేదాకా మొత్తం చేయమనండి. వెంట నడవండి, సాయం చేయకండి, సర్దిచెప్పకండి. ఎక్కడ ఆగారో రాసుకోండి. ఆ జాబితాలో ప్రతి వరస పక్కన ఎవరు చేయాలో ఒక పేరు, ఎప్పటికి కావాలో ఒక తేదీ వేసి రిసెప్షన్ వెనక గోడకు అంటించండి. అప్పటికి కాని పనులను "ఎలా రావాలి" పేజీలో ఉన్నవి ఉన్నట్టు చేర్చండి. ఆరు నెలలకు మళ్ళీ వాళ్ళనే పిలవండి, ఈసారి వేరే మనుషులనూ కలిపి.